బక్స్‌టన్ ఊట ఎవరిది?

పోయిన జనవరిలో ఒక శనివారం పొద్దున ఇంగ్లండులోని బక్స్‌టన్ ఊళ్ళో ఉన్న సెయింట్ ఆన్ బావి దగ్గరకు వెళ్ళేసరికి నాకంటే ముందు నలుగురు నిలబడి ఉన్నారు. బావి అన్న మాట పేరులోనే మిగిలింది. ఇప్పుడక్కడ ఉన్నది కొండవాలు అడుగున ఒక రాతి గోడ, దానిలో అమర్చిన సింహం తల, ఆ సింహం నోటి నుంచి రాత్రింబగళ్ళు ఆగకుండా పడే సన్నని ధార. నా ముందున్న పెద్దావిడ కారు డిక్కీ నిండా ఐదు లీటర్ల డబ్బాలు తెచ్చుకుంది. ఒక్కొక్క డబ్బాను కొద్ది నీళ్ళతో తొలిచి పారబోసి, మళ్ళీ నింపి, మూత బిగించి, తడిసిన డబ్బాను కోటు అంచుతో తుడిచి పక్కన పెడుతోంది. వెనుక నిలబడినవాళ్ళెవరూ తొందరపెట్టలేదు. ముందు రాత్రి కురిసిన మంచు గట్టుమీద ఇంకా తెల్లగానే ఉంది, నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నా వంతు వచ్చి ధార కింద చెయ్యి పెట్టగానే నీళ్ళు వెచ్చగా తగిలాయి. అదే ధార కింద అంతకుముందు జూలైలో చెయ్యి పెట్టినప్పుడు చల్లగా అనిపించింది. నీళ్ళలో తేడా ఏమీ లేదు, ఏడాది పొడుగునా అవి 27.5 డిగ్రీల దగ్గరే ఉంటాయి.

నేను సీసా నింపుకుని పక్కకు తప్పుకున్నాను. ఎవరూ డబ్బు అడగలేదు, అడిగే మనిషి అక్కడ లేడు. రోడ్డుకు అవతల, ఇరవై అడుగులు వేస్తే చేరుకునేంత దూరంలో, క్రెసెంట్ అనే నెలవంక ఆకారపు భవనం ఉంది. ఇప్పుడది హోటలు. అదే ఊట నీళ్ళతో నింపిన కొలనులు దాని లోపల ఉన్నాయి, వాటిలోకి దిగాలంటే మాత్రం బాగానే చెల్లించాలి. ఈ రెండింటి మధ్య ఉన్న రోడ్డు మీద నిలబడి ఆలోచించినదే ఈ వ్యాసం.

నేను మాంచెస్టరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కీళ్ళ వాతంతో వేళ్ళు వంకర్లు తిరిగినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు, తుంటి ఆపరేషను చేయించుకున్నవాళ్ళు రోజూ నా చేతుల మీదుగా వెళుతుంటారు. కాబట్టి స్పా పట్టణాల గురించి నేను రాసేటప్పుడు భవనాల అందం కంటే ముందు ఆ నీళ్ళలోకి ఎవరు దిగారు, ఎవరిని దిగనివ్వలేదు అన్న ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. బక్స్‌టన్ చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందని, ఆ ఊరి గొప్పతనం దాని రాళ్ళలో కంటే పేదవాళ్ళకు ఆ నీళ్ళ మీద ఉన్న హక్కును కొన్నిసార్లయినా ఒప్పుకోవటంలో ఉందని నా నమ్మకం. కోట్లు ఖర్చుపెట్టి ఊరిని బాగుచేసినప్పుడు ఆ హక్కునే మరిచిపోయారన్నది నా ఫిర్యాదు.

స్పా అనగానే మనవాళ్ళకు నూనె మర్దన, అగరు వాసన, మెత్తని తువ్వాళ్ళు గుర్తొస్తాయి. నిజానికి అది బెల్జియంలోని ఒక ఊరి పేరు. ఆ ఊరి ఖనిజ జలాలు యూరపంతటా పేరు పొందటంతో అలాంటి ఊట ఉన్న ప్రతి ఊరికీ ఆ మాట అంటుకుంది. ఇంగ్లండులో వేడినీటి ఊట అంటే ఎవరైనా ముందు బాత్ నగరాన్ని చూడమంటారు. అక్కడ నీళ్ళు 46 డిగ్రీల వేడితో పైకి వస్తాయి, రోజుకు పది లక్షల లీటర్లకు పైగా వస్తాయి. 2021లో యూనెస్కో యూరపులోని పదకొండు గొప్ప స్పా పట్టణాలను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇంగ్లండు నుంచి బాత్ ఒక్కటే అందులో ఉంది, బక్స్‌టన్ లేదు. బాత్‌ను నేనూ చూశాను, దాని రోమన్ స్నానవాటిక చుట్టూ గంటసేపు తిరిగాను. పచ్చటి నీళ్ళ మీద ఆవిరి లేస్తుంటే రెండు వేల ఏళ్ళ నాటి పలకరాళ్ళ మీద నడవటం మరిచిపోలేని అనుభవమే. కానీ ఆ నీళ్ళను తాకవద్దని బోర్డు ఉంటుంది. దానికి గట్టి కారణమే ఉంది: 1978లో అక్కడ ఈదిన ఒక అమ్మాయి నీళ్ళలోని సూక్ష్మజీవి వల్ల మెదడువాపుతో చనిపోయింది. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అయినా ఊటను అద్దాల వెనుక వస్తువులాగా చూసి రావటం ఒకటి, దాని కింద దోసిలి పట్టటం మరొకటి. బక్స్‌టన్ నాకు ఆ రెండోది ఇచ్చింది.

బక్స్‌టన్ డెర్బీషైరులో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల నడుమ, సముద్రమట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఉంది. మాంచెస్టరు నుంచి రైల్లో గంట ప్రయాణం. ఊరికి ఒక వైపంతా సున్నపురాయి కొండలే. ఆ కొండల మీద పడ్డ వాన రాతి పగుళ్ళలోంచి కిందికి దిగి, భూగర్భంలో చాలా లోతుకు పోయి, అక్కడి వేడిని పట్టుకుని, మళ్ళీ మరో పగులు దారిన పైకి వస్తుంది. ఈ రాకపోకలకు సుమారు ఐదు వేల ఏళ్ళు పడుతుందని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. అంటే నేను జనవరిలో సీసాలో పట్టుకున్నది రోమన్లు ఈ దీవికి రాకముందు మూడు వేల ఏళ్ళ క్రితం కురిసిన వాన. ఈ లెక్క తెలిశాక ఆ ధారను ఊరికే పారబోయటానికి నాకు చెయ్యి రాలేదు.

రోమన్లు ఈ ఊరిని ఆక్వే ఆర్నెమెటియే అన్నారు. అంటే ఆర్నెమెటియా దేవత జలాలు. వాళ్ళకంటే ముందు ఇక్కడ ఉన్న కెల్టుల భాషలో ఆ పేరు పవిత్రమైన వనాన్ని సూచిస్తుంది. బ్రిటను మొత్తంలో ఆక్వే అన్న పేరు వాళ్ళు పెట్టిన స్నాన పట్టణాలు రెండే: బాత్, బక్స్‌టన్. 1970లలో ఊట దగ్గర జరిపిన తవ్వకాల్లో రెండు వందలకు పైగా రోమన్ నాణేలు, కంచు కడియాలు దొరికాయి. అవి ఒక్క రోజున ఎవరో దాచిన సొమ్ము కాదు, మూడు శతాబ్దాల పాటు రకరకాల మనుషులు నీళ్ళలో వేసిన మొక్కుబడులు. నాణేల్లో ఎక్కువ భాగం చిన్న విలువవే కావటం నాకు ముఖ్యంగా తోచింది. చిన్న నాణెం వేసినవాడు చిన్నవాడే అయి ఉంటాడు.

మధ్యయుగం వచ్చేసరికి ఆర్నెమెటియా స్థానంలో సెయింట్ ఆన్, అంటే మేరీ మాత తల్లి అన్నమ్మ, చేరింది. ఊట పక్కన చిన్న గుడి, గుడిలో ఆమె ప్రతిమ, ఆ ప్రతిమ చుట్టూ నడక వచ్చినవాళ్ళు వదిలేసి వెళ్ళిన ఊతకర్రలు ఉండేవి. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ దేశమంతటా ఇలాంటి క్షేత్రాలను మూయించాడు. ఇక్కడికి ఆ పని మీద వచ్చిన విలియమ్ బాసెట్ అనే అధికారి ప్రతిమను తీయించి, ఊతకర్రలను, భక్తులు సమర్పించిన చొక్కాలను, దుప్పట్లను, మైనాన్ని తొలగించి, స్నానాల గదులకు తాళాలు వేసి ముద్ర వేయించానని క్రామ్‌వెల్‌కు ఉత్తరం రాశాడు. ఊతకర్రను తీసుకుపోవటం అన్న చిన్న వివరం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఒక రోగి వాకర్ లేకుండా మొదటిసారి గది దాటినప్పుడు ఆ వాకర్ను గోడకు ఆనించి వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ చూపును నేను వందల సార్లు చూశాను. ఆ చూపులన్నీ గుట్టగా పోసిన గది అది.

తాళాలు ఎక్కువ కాలం నిలవలేదు. 1572లో ఇంగ్లండు పార్లమెంటు బిచ్చగాళ్ళను, దేశదిమ్మరులను శిక్షించే చట్టం చేసింది. చెవికి కాల్చిన ఇనుముతో రంధ్రం వేయించిన క్రూరమైన చట్టమది. ఆ చట్టంలోనే బాత్, బక్స్‌టన్ ఊళ్ళ పేర్లు ప్రత్యేకంగా ఉన్నాయి. జబ్బుతో ఈ రెండు ఊళ్ళ ఊటలకు పోయే పేదవాళ్ళు ఇద్దరు మేజిస్ట్రేట్ల అనుమతి పత్రం తీసుకోవాలని, అక్కడ ఉన్నన్నాళ్ళూ బిచ్చమెత్తకుండా సొంత పారిష్, అంటే వాళ్ళ ఊరి చర్చి పరిధిలోని పాలకవర్గం, వారి పోషణ చూడాలని అందులో రాశారు. దీన్ని పేదల మీద నిఘాగా చదవవచ్చు, నిజంగా అది నిఘానే. కానీ ఆ నిఘాలోనే ఒక ఒప్పుకోలు ఉంది. నడవలేని కూలివాడు ఈ నీళ్ళ కోసం దేశం అడ్డంగా దాటి వస్తాడని, అతణ్ణి పూర్తిగా ఆపటం ఎవరి తరమూ కాదని, ఆపటం న్యాయమూ కాదని రాజ్యం ఒప్పుకుంది.

అదే ఏడాది జాన్ జోన్స్ అనే వైద్యుడు ఈ స్నానాల మీద ఒక పుస్తకం రాశాడు. వచ్చిన ప్రతివాడూ చిట్టాలో పేరు రాయించుకుని అంతస్తును బట్టి రుసుము కట్టాలని అందులో ఉంది: మామూలు రైతు పన్నెండు పెన్నీలు, డ్యూకు మూడున్నర పౌండ్లు, ఆర్చిబిషప్పు ఐదు పౌండ్లు. వచ్చిన సొమ్ములో సగం వైద్యుడికి, దానికి బదులుగా అతను పేదలను ఉచితంగా చూడాలి. మిగతా సగం ఈ నీళ్ళ కోసం వచ్చిన పేదల ఖర్చులకే. నాలుగున్నర శతాబ్దాల కిందటి మాట ఇది. ఉన్నవాడు ఎక్కువ కట్టాలి, లేనివాడికి చికిత్స ఆగకూడదు అన్న సూత్రాన్ని ఇంత సూటిగా అంకెలతో సహా రాసినవాడి మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అతను చెప్పిన మరో వివరం కూడా నాకిష్టం. వాన పడి బయట తిరగలేని రోజుల్లో ఆడవాళ్ళు బల్ల చివర ఉన్న రంధ్రాల్లోకి బంతులు దొర్లించే ఆట ఆడాలని సలహా ఇచ్చాడు. భుజానికి, నడుముకు అది మంచి వ్యాయామం. మేమూ ఇప్పటికీ రోగుల చేత బంతులు దొర్లిస్తూనే ఉంటాం.

ఆ రోజుల్లో బక్స్‌టన్‌కు వచ్చినవాళ్ళలో అందరికంటే పేరున్న మనిషి స్వేచ్ఛగా రాలేదు. స్కాట్లండు రాణి మేరీ, ఎలిజబెత్ రాణి చెరలో, ష్రూస్‌బరీ ఎర్ల్ అనే ప్రభువు కాపలాలో ఉండగా, కీళ్ళ నొప్పుల కోసం 1573 నుంచి 1584 వరకు పలుమార్లు ఇక్కడికి వచ్చింది. ఎర్ల్ ఊట పక్కన కట్టించిన ఇంట్లోనే ఆమె బస. ఆ స్థలంలోనే ఇప్పుడు ఓల్డ్ హాల్ ఉంది. చివరిసారి వెళ్ళిపోతూ, వెచ్చని నీళ్ళతో పేరుపొందిన బక్స్‌టనూ, నిన్ను బహుశా మళ్ళీ చూడను, సెలవు అన్న అర్థంలో లాటిన్‌లో రెండు పంక్తులు కిటికీ అద్దం మీద వజ్రంతో గీసిందని చెబుతారు. 1587లో ఆమె తల నరికారు. ఊరి చరిత్ర చెప్పేవాళ్ళు మేరీ రాణి దగ్గర చాలాసేపు ఆగుతారు. నేను మాత్రం అదే నీళ్ళలో, బహుశా అదే వారంలో, అనుమతి పత్రం చేత్తో పట్టుకుని వచ్చిన పేరులేని కూలివాడి కోసం వెతుకుతూ ఉంటాను.

అతని పక్షాన చట్టం మరోసారి నిలిచింది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఊరుమ్మడి భూములను కంచెలు వేసి పెద్ద భూస్వాములకు పంచేశారు. బక్స్‌టన్ వంతు 1772లో వచ్చింది. అయితే భూములు పోయినా నీళ్ళు పోలేదు. ఊరి జనానికి ఊట నీళ్ళు ఉచితంగా అందాలని ఆ చట్టమే చెప్పింది. ఆ నీళ్ళను ముంచి ఇవ్వటానికి బావి దగ్గర స్థానిక స్త్రీలను నియమించేవారు. నేను సీసా నింపుకోగలిగింది ఆ చట్టం వల్లనే.

ఆ తరువాత డ్యూకుల కాలం. ఐదో డెవన్‌షైర్ డ్యూకుకు ఎక్టన్‌లో రాగి గనులున్నాయి. ఆ రాగి డబ్బుతో, బాత్‌కు పోటీగా, 1780 నుంచి 1789 వరకు క్రెసెంట్ కట్టించాడు. శిల్పి యార్కు నగరానికి చెందిన జాన్ కార్. మూడంతస్తుల కట్టడం ఒక పెద్ద విల్లులా వంగి ఉంటుంది. కింద కమానుల వరండా వెంట ఒక చివరి నుంచి మరో చివరికి వానలో కూడా తడవకుండా నడవవచ్చు. ఈ ఊళ్ళో వానకు కొదవలేదు, కాబట్టి ఆ వరండా కట్టినవాడు రోగుల బాధ తెలిసినవాడే అనుకుంటాను. వెనుక మిట్ట మీద అతిథుల గుర్రాల కోసం ఎనిమిది పలకల గుర్రపుశాల కట్టారు. నూటికి పైగా గుర్రాలు పట్టే ఆ శాల మధ్యలో, వాటిని నడిపించటానికి, గుండ్రటి విశాలమైన ఆరుబయలు ఉండేది. మనుషులకు క్రెసెంట్ ఎంత ఘనంగా కట్టారో గుర్రాలకూ అంతే ఘనంగా కట్టారు.

నన్ను ఈ ఊరికి కట్టిపడేసింది ఆ గుర్రపుశాలే. 1859లో దానిలో పెద్ద భాగాన్ని పేద రోగుల ఆసుపత్రిగా మార్చటానికి అప్పటి డ్యూకు ఒప్పుకున్నాడు. ఆ తరువాత అమెరికా అంతర్యుద్ధం వచ్చి, అక్కడి నుంచి పత్తి ఆగిపోయి, 1861 నుంచి 1865 వరకు లాంకషైరు మిల్లులు మూతపడ్డాయి. లక్షల మంది నేత కార్మికులు పస్తులున్నారు. మన దేశపు పత్తికి ఆ నాలుగేళ్ళలో విపరీతంగా ధర పలికింది ఇందువల్లే. ఆ కరువులో కార్మికుల కోసం పోగుచేసిన విరాళాల్లో మిగిలిన సొమ్ము తరువాత వాళ్ళ వైద్యానికి నిధిగా మారింది. ఆ నిధి నుంచి పెద్ద మొత్తం బక్స్‌టన్‌కు వచ్చింది. దానితో గుర్రపుశాల మొత్తం మూడు వందల పడకల ఆసుపత్రి అయింది. మధ్యలోని ఆరుబయలును కప్పటానికి రాబర్ట్ రిపన్ డ్యూక్ అనే శిల్పి ఇనుప కమానుల మీద గుమ్మటం లేపాడు. ఇంటిపేరు డ్యూక్ అయినా అతనికీ భూస్వామికీ చుట్టరికం లేదు. పని నడుస్తుండగా 1879 డిసెంబరులో స్కాట్లండులో టే వంతెన రైలుతో సహా కూలిపోయింది. ఇనుప కట్టడాలంటేనే దేశం భయపడిన ఆ రోజుల్లో అతను కమానుల సంఖ్యను 17 నుంచి 22కు పెంచాడు. 1881లో పూర్తయిన ఆ గుమ్మటం వ్యాసం 44 మీటర్లు. లండనులోని సెయింట్ పాల్ చర్చి గుమ్మటం 34 మీటర్లే. ఇంగ్లండు తన రాజధానిలో దేవుడికి కట్టిన గుమ్మటం కంటే పెద్దది మిల్లు కార్మికుల కీళ్ళనొప్పుల మీద నీడగా నిలిచింది. స్పా పట్టణాల చరిత్రలో ఇంతకంటే గొప్ప సంగతి నాకు తెలియదు.

దీన్ని నేను అలంకరించి చెప్పదలచుకోలేదు. ఆ ఆసుపత్రిలో చేరాలంటే దానికి చందాలిచ్చేవాళ్ళెవరైనా సిఫారసు ఉత్తరం ఇవ్వాలి. పేద రోగుల స్నానాలు వేరు, డబ్బున్నవాళ్ళ స్నానాలు వేరు. 1863లో రెండు రైలు కంపెనీలు ఒకేసారి పక్కపక్కన స్టేషన్లు కట్టి ఊరికి రైలు తెచ్చాక వచ్చిన సంపన్నులకు, ఊతకర్రల మీద ఎదురొచ్చే కార్మికుణ్ణి చూడటం ఇష్టం ఉండేది కాదు. దయ చూపిస్తూనే దూరం పెట్టే పద్ధతి అది. అయినా ఒక నేత కార్మికురాలు, తేమతో నిండిన మిల్లులో పదేళ్ళకే మగ్గం పట్టి నలభై ఏళ్ళకు వేళ్ళు ముడుచుకుపోయిన మనిషి, మూడు వారాలు ఆ గుమ్మటం కింద తిని, పడుకుని, రోజూ వెచ్చని నీళ్ళలోకి దిగింది. అది జరిగింది. ఒకసారి కాదు, వేల మంది విషయంలో జరిగింది.

మిగతా విక్టోరియా కాలపు వైభవాన్ని, 1871లో తెరిచిన పెవిలియన్ తోటలను, 1903లో ఫ్రాంక్ మాచమ్ కట్టిన ఒపేరా హౌసును, చూసితీరాల్సినవని చెప్పి ముందుకు పోతాను.

నీళ్ళు నిజంగా పనిచేశాయా అని అడిగేవాళ్ళకు నా వృత్తి తరఫున సమాధానం చెప్పాలి. ఊట నీళ్ళు తాగితే వాతం పోతుందని నమ్మటానికి ఆధారం లేదు. కానీ నడుము దాకా నీళ్ళలో నిలబడిన మనిషి కాళ్ళ మీద పడేది ఒంటి బరువులో సగమే. ఛాతీ దాకా దిగితే మూడో వంతుకు దగ్గరగా వస్తుంది. గట్టిపడిన కండరం వెచ్చదనానికి వదులవుతుంది, నీటి ఒత్తిడికి వాపు కొంత తగ్గుతుంది. నేల మీద అడుగు వేయలేని మనిషి నీళ్ళలో పది అడుగులు వేస్తాడు. ఆ పది అడుగులు వేసిన ధైర్యంతో వారం తరువాత నేల మీద రెండు వేస్తాడు. ఊట 27.5 డిగ్రీలు కాబట్టి కీళ్ళరోగులకు అది కాస్త చల్లన. మా చికిత్స కొలనులు 33 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంటాయి. అందుకే బక్స్‌టన్‌లోనూ సహజ స్నానాలతో పాటు, నీళ్ళు కాచి వాడే వేడి స్నానాలు ఉండేవి. ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో నాకు పని నేర్పిన ఒక సీనియరు తన శిక్షణ కాలంలో కొంత భాగం ఆ ఆసుపత్రిలోనే గడిపింది. మొదటిసారి నీళ్ళలోకి దించిన రోగి ముఖం ఎప్పుడూ ఒకేలా మారుతుందని ఆవిడ చెప్పేది: ముందు దవడ వదులవుతుంది, తరువాత భుజాలు దిగుతాయి, ఆ తరువాత గాని వాళ్ళు మాట్లాడరు. పదిహేనేళ్ళ అనుభవంలో ఆ వరుస తప్పటం నేను చూడలేదు.

కొత్త మందులు వచ్చాయి. కీళ్ళవాతం మందులు నా తరంలోనే మనుషుల జీవితాలను మార్చేశాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడితే నాకు పాపం. ఆ మందుల రాకతో, ఖర్చుల లెక్కలతో నీటి చికిత్స వెనక్కి పోయింది. గుమ్మటం కింది ఆ ఆసుపత్రి, డెవన్‌షైర్ రాయల్ ఆసుపత్రి, 2000లో మూతపడింది. అది ఇంగ్లండులో నీటి చికిత్సకు పేరుపడ్డ ఆసుపత్రుల్లో చివరిది. గుమ్మటం ఇప్పుడు డెర్బీ విశ్వవిద్యాలయానిది. దాని కింద మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే శబ్దం చుట్టూ తిరిగి పైనుంచి మీద పడుతుంది. గుర్రాలు, రోగులు, విద్యార్థులు అన్న ఈ క్రమంలో నాకు చివరిదాని మీద కోపం లేదు. పిల్లలు చదువుకోవటం మంచిదే.

నా అభ్యంతరం క్రెసెంట్ విషయంలో. కట్టడం బలహీనపడి 1992 నాటికి అది పూర్తిగా మూతపడింది. దశాబ్దాల పాటు ఇనుప చట్రాలు, టార్పాలిన్లు కప్పుకుని నిలబడింది. దాన్ని కూలిపోనివ్వకుండా స్థానిక సంస్థలు చేసిన పోరాటం మెచ్చుకోదగింది. ఏడు కోట్ల పౌండ్ల దాకా ఖర్చుతో మరమ్మతు చేసి 2020 అక్టోబరులో తెరిచారు. ఆ డబ్బులో పెద్ద వాటా వారసత్వ లాటరీ నిధి నుంచి, కౌన్సిళ్ళ నుంచి వచ్చింది, అంటే జనం సొమ్ము. ఊరికి మళ్ళీ కళ వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి, ఆ రాయి శుభ్రపడి మధ్యాహ్నపు ఎండలో తేనెరంగులో మెరుస్తుంటే నేనూ నిలబడి చూస్తాను. కానీ స్పా పట్టణాన్ని పునరుద్ధరించామని రాసిన ప్రతి చోటా నాకు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. 1572లో ఉన్నది, 1772లో ఉన్నది, 1859లో ఉన్నది, 2020లో ఎక్కడుంది? రాళ్ళను తిరిగి నిలబెట్టారు, స్నానాలను తిరిగి తెరిచారు, రోగిని మాత్రం తిరిగి పిలవలేదు.

హోటలు నడవాలంటే ఆదాయం కావాలి కదా అంటారు. కావాలి. ఆర్చిబిషప్పు కట్టిన ఐదు పౌండ్లు కూడా ఆదాయమే, అందులో సగం పేదవాడి కోసం పక్కన పెట్టినా బక్స్‌టన్ దివాలా తీయలేదు. ఊళ్ళో పురపాలక ఈతకొలను ఉంది కదా అంటారు. ఈతకొలను ఈదగలిగినవాళ్ళకు. మెట్లు దిగలేని మనిషికి వాలుదారి కావాలి, లేదా కుర్చీతో సహా దించే హోయిస్టు కావాలి, పక్కన పట్టుకోవటానికి శిక్షణ ఉన్న చెయ్యి కావాలి, నీళ్ళు ఇంకా వెచ్చగా ఉండాలి. చికిత్స కొలనులు ఆసుపత్రుల్లో ఉన్నాయి కదా అంటారు. ఇదివరకు నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఖర్చు భరించలేక కొలనును ఖాళీ చేసి, పైన చెక్కలు పరిచి, పాత మంచాలు పెట్టుకున్నారు. ఆ గది ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమనేది.

మా అమ్మ ఖమ్మం నుంచి నా దగ్గరకు వచ్చిన జూలైలో ఆమెను బక్స్‌టన్ తీసుకువెళ్ళాను. రెండు మోకాళ్ళూ అరిగి స్టేషను నుంచి వాలు దిగటానికే అరగంట పట్టింది. ఆ వారం బావులకు పూల అలంకారం జరుగుతోంది. చెక్క పలకల మీద తడి బంకమట్టి పరిచి, పూరేకులను ఒక్కొక్కటిగా వేలితో అదిమి బొమ్మలు తీర్చుతారు. పీక్ డిస్ట్రిక్ట్‌లో చాలా ఊళ్ళలో ఉన్న ఈ ఆనవాయితీ, 1840లో డ్యూకు ఎగువ బజారుకు నీళ్ళు తెప్పించినందుకు కృతజ్ఞతగా ఇక్కడ మొదలైంది. అమ్మ దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. రేకులు పైనుంచి కిందికి కాకుండా కింద వరుస నుంచి పైకి, ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పెట్టారా లేదా అని పరీక్షించింది, ఇంటి పెంకుల్లాగా, వాన పడితే నీళ్ళు జారిపోయేలా.

"మట్టి ఆరితే రేకులు రాలిపోవా?" అని అడిగింది.

"వారం రోజులు ఉంటాయటమ్మా, పలకలను ముందే చెరువులో నానబెడతారట," అన్నాను.

ఆ తరువాత ధార దగ్గరికి వచ్చింది. దోసిలి పట్టి, కళ్ళకు అద్దుకుని, మిగిలింది నెత్తిన చల్లుకుంది. "వేడినీళ్ళన్నావు కదే, చల్లగా ఉన్నాయి," అంది. చెప్పులు విప్పి, గోడను ఆసరా చేసుకుని, ఒక్కొక్క మోకాలి మీదా నీళ్ళు పోసుకుంది. ఆమె వెనుక నిలబడిన ఒక ముసలాయన ఆమె చేతికర్రను పట్టుకుని ఆమె తిరిగేదాకా వేచి ఉన్నాడు. "లోపల దిగటానికి ఉండదా?" అని క్రెసెంట్ వైపు చూపిస్తూ అడిగింది. ఉంటుందమ్మా అన్నాను. టికెట్టు ధర చెప్పాను. రూపాయల్లోకి మార్చుకుని, "ఇక్కడే బాగుంది," అంది. అమ్మకు ఆ టికెట్టు నేను కొనగలను. కొనమంటే వద్దంది. కానీ నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామందికి కొనిపెట్టే కూతురు లేదు.

నేను అడిగేది చిన్నది. ఊట నీళ్ళు ఉన్న ఆ కొలనుల్లో వారానికి రెండు పూటలు, పొద్దున హోటలు అతిథులు ఇంకా లేవని వేళలో, చుట్టుపక్కల ఆసుపత్రులు పంపే కీళ్ళరోగులకు కేటాయించాలి. ఒక హోయిస్టు పెట్టాలి. అతిథుల బిల్లులో కొద్ది భాగం, జాన్ జోన్స్ చిట్టాలోలాగా, ఆ ఖర్చుకు పోవాలి. జనం సొమ్ముతో నిలబెట్టిన భవనంలో జనం కోసం వారానికి ఆరు గంటలు అడగటం పెద్ద కోరిక కాదు. పడకలు అక్కర్లేదు, గుమ్మటం అక్కర్లేదు, సిఫారసు ఉత్తరాలు అసలే అక్కర్లేదు. కావలసింది వెచ్చబరచిన నీళ్ళు, పట్టుకునే చేతులు. ఈ సంగతి స్థానిక కౌన్సిలుకు రాశాను, మా సంఘంలోని ఫిజియోథెరపిస్టులకూ రాశాను. అలాంటి ఏర్పాటు మొదలైన రోజున శనివారం పూట నాది. మాంచెస్టరు నుంచి మొదటి రైలు ఎక్కితే వాళ్ళు బట్టలు మార్చుకునేలోపే నేను నీళ్ళలో ఉంటాను.